బుల్లెమ్మను వదిలిన చోటు

సిడ్నీకి వాయవ్యాన ఉన్న రౌస్ హిల్‌లో, ఒక ఇంటి కప్పు కింద నివసిస్తున్న పోసమ్ అనే ఆడ జంతువును ఆ ఇంటి యజమాని ఈశ్వరప్రసాద్ బోనులో పట్టి, కారు డిక్కీలో పెట్టి, పట్టపగలు తీసుకువెళ్లి, దానికి దారీతెన్నూ తెలియని ఒక అడవిలో వదిలి వచ్చాడు. అప్పటికి దాని పొట్టసంచిలో పిల్ల ఉంది. వదిలిన చోటు ఏదో అతను నేటికీ చెప్పలేదు.

అతను దాన్ని అమెరికాలో ఉండే రకూన్ అనే జంతువు అనుకున్నాడు. ఇది తప్పు తీవ్రతను తగ్గించే విషయం కాదు. అయితే జరిగినదంతా ఆ పొరపాటును పట్టుకునే నడిచింది కాబట్టి ముందుగానే చెప్పవలసి ఉంది.

ఆ పోసమ్ పేరు బుల్లెమ్మ. పేరు పెట్టిన మనిషి పక్కింటి విద్యావతి. ఈ కథ ఆమెది.

విద్యావతి రేపల్లె దగ్గర పుట్టి, తిరుపతిలో పశువైద్యం చదివి, పెళ్లయ్యాక భర్త ద్వారకానాథ్ వెంట సిడ్నీ వచ్చింది. ఆ చదువు ఇక్కడ చెల్లాలంటే మళ్లీ పరీక్షలు రాయాలన్నారు. మొదటిసారి రాద్దామనుకునేసరికి కొడుకు కడుపులో ఉన్నాడు, రెండోసారికి కూతురు. మూడోసారి ఎవరూ అడగలేదు, ఆమె ఆ మాట ఎత్తలేదు. ఒక ల్యాబులో మనుషుల రక్తం మైక్రోస్కోపు కింద చూస్తూ ఉద్యోగకాలమంతా గడిపి రిటైరైంది. తిరుపతి పట్టా ఇప్పటికీ హాల్లో గోడకు ఉంది. వచ్చినవాళ్లు అది ద్వారకానాథ్‌ది అనుకుంటారు. ఆయన సివిల్ ఇంజనీరు. తనకు గేదెకు పురుడు పోయడం వచ్చని నమ్మేవాళ్లను ఆయన ఎన్నడూ నిరుత్సాహపరచలేదు.

రిటైరయ్యాక ఆమె గాయపడిన వన్యప్రాణులను సాకే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, శిక్షణ తీసుకుని, అనుమతి సంపాదించింది. ఒక ఉదయం మెయిన్ రోడ్డు పక్కన, కారు గుద్ది చచ్చిన పోసమ్ ఒకటి ఉందని ఫోను వచ్చింది. విద్యావతి వెళ్లి, చచ్చిన తల్లి సంచిలో వేళ్లు పెట్టి చూసింది. లోపల ఒకటి వెచ్చగా కదిలింది.

పోసమ్ అంటే పిల్లి కంటే కాస్త బొద్దుగా, కుందేలు చెవులతో, నక్క మూతితో, గుబురు తోకతో ఉండే జంతువు. చెట్లమీద బతుకుతుంది, పగలు నిద్రపోతుంది. కంగారూ మాదిరి దీనికీ పొట్టమీద సంచి ఉంటుంది. కాన్పుకు సాధారణంగా ఒకటే పిల్ల. అది చిక్కుడు గింజంత పుట్టి, కళ్లు లేకుండా, చెవులు లేకుండా, కేవలం ముంగాళ్ల బలంతో తల్లి బొచ్చు పట్టుకుని సంచి దాకా పాక్కుంటూ వెళుతుంది. నాలుగైదు నెలలు లోపలే ఉంటుంది. ఆ తర్వాత కొంతకాలం తల్లి వీపెక్కి తిరుగుతుంది. తల్లి లేని పిల్లకు సంచి కావాలి. విద్యావతి తన పాత మంగళగిరి చీరను కత్తిరించి సంచులు కుట్టింది.

"పేరు పెట్టకూడదన్నారుగా మీ వాళ్లు? మచ్చికైపోతుందని?" అని ద్వారకానాథ్ అడిగాడు.

"పెట్టలేదండీ. పిలిచాను."

"ఏమని?"

"బుల్లెమ్మ అని."

"మా మేనత్త పేరే దొరికిందా నీకు?"

"రాత్రంతా మేలుకుని తినేది ఆవిడొక్కతే కదండీ మీ వంశంలో."

బుల్లెమ్మ పెరిగింది. పోసమ్‌ల కోసమే తయారుచేసిన పాలపొడి మాని, యూకలిప్టస్ చిగుళ్లకు అలవాటు పడింది. ఆ ఆకుల్లో చాలా జంతువులను చంపేంత విషముంటుంది. పోసమ్ కాలేయం దాన్ని విరిచేస్తుంది. విషాన్ని అరిగించుకోగలిగిన కడుపుకు గులాబీ మొగ్గలూ నిమ్మచిగుళ్లూ ఒక లెక్క కాదు కాబట్టే, అడవి తగ్గి ఊరు పెరిగినా ఈ జాతి బతికి ఉంది. వెనక పాదానికి మన చేతికి ఉన్నట్టే పక్కకు తిరిగిన బొటనవేలు, గోరు మాత్రం లేనిది, పట్టు కోసం. దాని పక్కన రెండు వేళ్లు ఒకటిగా కలిసిపోయి, చివర రెండు గోళ్లతో దువ్వెనలా ఉంటాయి. అది దువ్వెనే, బొచ్చు దువ్వుకోవడానికి. తోక కింది భాగాన ఒక పట్టీ మేర వెంట్రుక ఉండదు, కొమ్మకు చుడితే జారకుండా. విద్యావతి ఆ పాదాన్ని వేలిమీద నిలబెట్టుకుని చాలాసేపు చూసేది. తిరుపతిలో చదివిన ఏ పశువుకూ ఇంత పొందికైన కాలు లేదని ఆమె అభిప్రాయం.

ఎడమ చెవి అంచున చిన్న చీలికతో, ఎదిగి, బుల్లెమ్మ పెరటిలోకి వెళ్లిపోయింది. చెట్టుకు కట్టిన చెక్కపెట్టెలో కొన్నాళ్లు ఉంది. తర్వాత పక్క స్థలంలో కడుతున్న ఇంటి పెంకుల కిందికి మారింది. పోసమ్‌కు కావలసింది చెట్టు తొర్ర. ఇక్కడి చెట్టుకు తొర్ర పడాలంటే వందేళ్లు దాటాలి. రౌస్ హిల్ కొత్త వీధుల్లో చెట్ల వయసు, వీధుల వయసు ఒకటే. కాబట్టి ఇంటి కప్పు. ఈశ్వరప్రసాద్ గృహప్రవేశం శ్రావణమాసంలో జరిగింది. బుల్లెమ్మ గృహప్రవేశం అంతకు ముందే అయిపోయింది. స్వాధీనం ఎవరిది ముందు అన్న ప్రశ్న మీద ఇక్కడ వివాదం లేదు.

గృహప్రవేశం నాడు వరండా దూలానికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టిన బూడిద గుమ్మడికాయను వేలాడదీశారు. మర్నాడు ఉదయం ఈశ్వరప్రసాద్ కంచె మీదుగా కేకేశాడు.

"ఆంటీ, జర ఇటు రాండ్రి. చూడుండ్రి దీని కథ."

కాయ కింది సగం లేదు. మిగిలిన సగం తాడుకు వేలాడుతూ, లోపలి తెల్లటి గుజ్జుతో వచ్చేపోయేవాళ్లను చూస్తున్నది. ఎలా తిన్నదో విద్యావతికి చూడకుండానే అర్థమైంది: వెనక బొటనవేళ్లతో దూలం పట్టి, తోకను పక్కనున్న వాననీటి గొట్టానికి చుట్టి, తలకిందులుగా వేలాడి, రెండు చేతులతో కాయను దగ్గరకు తీసుకుని. ఆమెకు కొంచెం గర్వం కలిగింది. దాచుకుంది.

"దిష్టికాయ దేనికి కట్టావు ప్రసాదూ?"

"దిష్టి తగలొద్దని."

"మీ మీదికొచ్చేది అది మీదేసుకుని పోవాలనేగా? పోయిందిగా. పని చేసినట్టే."

"కుళ్లిపోతే వేరే ఆంటీ. ఇది తిన్నది. దిష్టంత దాని కడుపులకు వాయె. అది పొయ్యి మళ్ల మా అటక మీదనే పండె. ఇగ దిష్టి ఏడున్నట్టు? ఇంట్లనే ఉన్నట్టు!"

పక్కన నిలబడ్డ అతని భార్య వసుంధర అవునన్నట్టు తల ఊపింది. ఈ వాదనలో ఎక్కడా లోపం లేదు. తీసిన దిష్టిని ఇంటికి దూరంగా పారెయ్యాలన్నది అందరూ ఎరిగిన ఆచారం. దిష్టి ఇప్పుడు నాలుగు కాళ్లతో ఉంది. కాబట్టి నాలుగు కాళ్లదాన్నే దూరంగా పారెయ్యాలి.

అంతకు ముందు చెయ్యగలిగిన పని ఒకటుంది: కాయను గుమ్మం లోపల కట్టుకోవడం. విద్యావతి అదే చెప్పింది. లోపల కడితే బయటి దిష్టి ఎలా తెలుస్తుందని వసుంధర అడిగింది. కొత్త కాయ మళ్లీ వరండాకే కట్టారు. బుల్లెమ్మ దాన్నీ తిన్నది. అమావాస్యకు మార్చవలసిన కాయను వారం వారం మార్చవలసి వచ్చింది. ఒక జంతువుకు వేళ తప్పకుండా ఆహారం వేలాడదీసి, అది వేళ తప్పకుండా వస్తున్నదని ఈశ్వరప్రసాద్ వీధిలో ప్రతి ఒక్కరికీ ఫిర్యాదు చేశాడు.

నివారణ కోసం అతను యూట్యూబు చూశాడు. అందులో అమెరికావాళ్లు కప్పుల్లోంచి రకూన్‌లను పట్టుకునే వీడియోలున్నాయి. రకూన్‌కు కళ్ల చుట్టూ నల్లటి గంతల్లాంటి మచ్చ, చారల తోక, మూతలు తీసి గడియలు విప్పగల చేతివేళ్లు. నీళ్లలో తడిమి చూస్తే ఆ వేళ్లకు స్పర్శ ఇంకా పెరుగుతుంది. వెనక పాదాలను వెనక్కి తిప్పి చెట్టు మీదినుంచి తల కిందికి పెట్టి దిగగలదు. దొరికిందల్లా తింటుంది. అడవి పోయి ఊరొస్తే ఊళ్లో బతకడం నేర్చుకున్న జంతువే అదీనూ. కానీ రకూన్‌కు సంచి లేదు. మూడు నాలుగు పిల్లలను ఒకేసారి కని, వాటిని గూట్లో వదిలి మేతకు పోతుంది. అందుకే ఆ వీడియోల్లో ఒక హెచ్చరిక ఉంటుంది: తల్లిని పట్టాక పిల్లల కోసం అటక వెతకండి.

"డాడ్, దటీజ్ నాట్ ఎ రకూన్. వీ డోంట్ ఈవెన్ హావ్ రకూన్స్ హియర్," అన్నది యూనివర్సిటీకి వెళ్లబోతున్న కూతురు తన్మయి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ.

"అన్నీ ఒక్కటే ఖాందాన్ బేటా," అన్నాడు ఈశ్వరప్రసాద్.

బోను తెలుగు సంఘంలో దొరికింది. ఆ సంఘానికి ఒక సామాన్ల గది ఉంది. అధ్యక్షుడు ఉమామహేశ్వరరావు ఇంటి గరాజే ఆ గది. సభ్యుల ఇళ్లలో శుభకార్యాలకు పులిహోర కలిపే గంగాళం, పెద్ద గ్యాస్ పొయ్యి, మడత కుర్చీలు, పీటలు అక్కడినుంచి వెళతాయి, కడిగి వెనక్కి వస్తాయి. వాటి మధ్య ఒక ఇనుప బోను కూడా ఉంది. ఎప్పుడో ఎవరో కొన్నారు. గృహప్రవేశానికి గంగాళం తీసుకువెళ్లినవాళ్లు నెల తిరక్కుండా బోను కోసం వస్తుంటారు. ఈ క్రమాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

విద్యావతి, ద్వారకానాథ్ వారాంతానికి మూడు గంటల ప్రయాణంలో ఉన్న గంగాలిన్‌కు, కూతురి దగ్గరకు వెళ్లారు. ఈశ్వరప్రసాద్ బోనులో గుమ్మడికాయ ముక్క పెట్టాడు. తెల్లారేసరికి బుల్లెమ్మ లోపల ఉంది. అతను టార్చి తీసుకుని అటకెక్కి, వీడియోలో చెప్పినట్టు పిల్లల కోసం మూలమూలా వెతికాడు. ఏమీ లేవు. మనసు కుదుటపడి బోనును డిక్కీలోకి ఎత్తాడు.

ఆదివారం మధ్యాహ్నం, విద్యావతి కారు దిగీదిగకముందే వసుంధర పూర్ణాల గిన్నెతో వచ్చింది. వెనకే ఈశ్వరప్రసాద్.

"పీడ పోయింది ఆంటీ. దూరంగా వదిలేసి వచ్చారు," అన్నది వసుంధర.

విద్యావతి గిన్నె అందుకోలేదు. ఈశ్వరప్రసాద్ ఒక పూర్ణం తనే తీసుకుని భరోసా ఇవ్వబోయాడు.

"పిల్లల కోసం గూడ చూశిన ఆంటీ. మనకు గంత మాత్రం మానవత్వం ఉండదా? అటకంత టార్చేసి చూశిన. ఒక్క పిల్ల లేదు."

"పిల్ల అటక మీద ఎందుకుంటుంది ప్రసాదూ? సంచిలో ఉంది."

"ఏ సంచి?"

"దాని సంచి. పొట్టకుండేది. నేను చూస్తూనే ఉన్నాగా, నెలనించీ బరువుగా వేలాడుతోంది. ఇవాళో రేపో తల బయటపెట్టాలి."

ఈశ్వరప్రసాద్ కొరికిన పూర్ణం వైపు చూశాడు.

"అది కంగారూకు గదా?"

"దీనికీను."

అతను ఈ దేశ పౌరసత్వ పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా తప్పలేదు.

"సరే, ఎక్కడ వదిలావు? పద, ఇప్పుడే వెళదాం. మీ అంకుల్ కారు ఇంకా ఆపలేదు."

"అదీ... హాక్స్‌బరీ నది దిక్కు పొయ్యి, అటెంక..."

"ఒక్క నిమిషం," అన్నది వసుంధర. "ప్రెసిడెంట్ గారిని అడిగి చెప్తాం ఆంటీ."

ఉమామహేశ్వరరావు రిటైరైన డాక్టరు. ఫోను స్పీకరులో ఆయన గొంతు నిదానంగా వచ్చింది. "ప్రసాదూ, చోటు చెప్పావంటే చేసినట్టు ఒప్పుకున్నట్టే. రాసిచ్చినట్టే. బోను కూడా మనదాయె. నోరు మూసుకో నాయనా."

పౌరుడిగా ఆయనకు చట్టం తెలుసని ఈ సలహాయే చెబుతున్నది. న్యూ సౌత్ వేల్స్‌లో పోసమ్ రక్షిత జంతువు. లైసెన్సు లేకుండా పట్టకూడదు. పట్టినా, పట్టిన చోటికి నూటయాభై మీటర్ల లోపే, ఆ రోజే, పొద్దుగూకాక వదలాలి. ఈ నియమం పోసమ్‌ల మీద ముద్దుకొద్దీ పెట్టింది కాదు. పోసమ్ తన గడ్డం కింద, ఛాతీ మీద ఉన్న గ్రంథుల వాసనను చెట్లకు రాసి ఎల్లలు గీసుకుంటుంది; ఆ ఎల్లల్లో దానికి తెలిసిన తొర్రలు, తెలిసిన కొమ్మలు, తెలిసిన దారులు ఉంటాయి. అవే దాని బతుకు. తెలియని అడవిలో ప్రతి తొర్రకూ ముందే ఒక యజమాని ఉంటుంది, తరిమేస్తుంది. పగటి వెలుగులో, నేలమీద, చోటు కోసం తిరిగే పోసమ్‌ను నక్క పట్టుకుంటుంది. దూరం తీసుకువెళ్లి వదిలినవాటిలో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే చస్తాయి. వదిలినవాళ్లు మాత్రం దానికి స్వేచ్ఛ ఇచ్చామని చెప్పుకుంటారు.

వినాయక చవితికి సంఘం అద్దెకు తీసుకున్న హాల్లో, ఎలుకను వాహనంగా చేసుకున్న దేవుడికి గరికతో పూజ జరిగింది. ప్రసాదాలయ్యాక విద్యావతి ఉమామహేశ్వరరావు కుర్చీ ముందు నిలబడింది.

"చోటు చెప్పించండి అన్నయ్య గారూ. చెవి చూస్తే నేను గుర్తుపడతాను. నేను కంప్లయింటు ఇవ్వను. నాకు అది కావాలి, అంతే."

"చూడమ్మా విద్యావతీ, మనం ఎంతమందిమని ఇక్కడ? మనవాళ్లను మనమే వీధిలో పెట్టుకుంటామా?"

"ఆంటీ," అన్నాడు కార్యవర్గంలో కుర్రాడు వెంకీ, ఉండ్రాళ్ల ప్లేటుతో, "నా వైఫ్‌కే మెటర్నిటీ లీవ్ కోసం ఆఫీసులో కొట్లాడాల్సొచ్చింది. పోసమ్‌కి కూడా అడుగుతారా ఏంటి?"

చుట్టూ నవ్వారు. విద్యావతి కూడా నవ్వింది.

"నీ భార్యను తొమ్మిదో నెలలో డిక్కీలో పెట్టి, పేరు చెప్పని చోట దింపేసి వస్తే అప్పుడు అడుగుతావు నాయనా, ఎక్కడ దింపారూ అని. నేనూ అదే అడుగుతున్నాను."

నవ్వు ఆగింది. చోటు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ హాల్లో కనీసం సగం మందికి తెలుసు. ఈశ్వరప్రసాద్ ఆ ప్రయాణాన్ని అందరికీ మంచి డ్రైవుగా వర్ణించి ఉన్నాడు.

ఆ తర్వాత ద్వారకానాథ్ ప్రతి ఉదయం కారు తీశాడు. హాక్స్‌బరీ వైపున్న అడవులన్నీ తిరిగారు. ఆమె చెట్ల మొదళ్ల దగ్గర పెంటికలు, కాండాల మీద గోళ్ల గీతలు వెతికేది. ఆయన దారి పక్క చచ్చిపడి ఉన్న ప్రతి పోసమ్ దగ్గరా కారు ఆపి, ముందు తనే దిగి, చెవి చూసి వచ్చేవాడు.

"కాదు," అనేవాడు.



"సంస్థవాళ్లకు చెప్పేద్దాం విద్యా. ఫైనేస్తారు, తిక్క కుదురుతుంది," అన్నాడు ఒకరోజు.

"ఫైనేస్తే మూతి బిగించుకుంటాడండీ. ఇక జన్మలో చెప్పడు. నాకు వాడి తిక్క కుదరక్కర్లేదు."

ఇంతలో ఈశ్వరప్రసాద్ ఇంట్లో కొత్త గుమ్మడికాయ సగమైంది.

ఇది జరగక తప్పదు. ఖాళీ అయిన ఎల్లలు ఖాళీగా ఉండవు. బుల్లెమ్మ వాసన పలచబడగానే ఎక్కడినుంచో వయసులో ఉన్న ఒక పోసమ్ వచ్చి, ఆ కప్పును, ఆ దూలాన్ని, ఆ కాయను స్వాధీనం చేసుకుంది. మగది, ఇంకా పెద్దది. రాత్రిళ్లు గొంతులో రంపం పెట్టి కోసినట్టు అరుస్తుంది. ఒక తల్లినీ ఒక పిల్లనూ ఖర్చుపెట్టి ఈశ్వరప్రసాద్ సాధించిన ఫలితం ఇది.

అతను మళ్లీ బోను కోసం ఉమామహేశ్వరరావు గరాజుకు వెళ్లాడు. బోను అక్కడ లేదు. అంతకు ముందు రోజే విద్యావతి వెళ్లి, సభ్యురాలిగా అడిగి తీసుకుంది. దేనికి అని అడగడం ఆ గదిలో ఆనవాయితీ కాదు. గంగాళం కూడా ఇస్తామంటే వద్దన్నది.

"ఎప్పుడు తిరిగిస్తున్నావమ్మా? వేరే సభ్యులు కూడా అడుగుతున్నారు," అని ఉమామహేశ్వరరావు ఫోను చేశాడు.

"వాడుకోవడం అయిపోగానే అన్నయ్య గారూ."

"దేనికి వాడుతున్నావ్?"

"ఎవరూ వాడకుండా ఉండటానికి."

బోను ఆమె గరాజులో ఉంది. మీద మిగిలిన మంగళగిరి చీర ముక్క కప్పి ఉంది. బుల్లెమ్మ పెట్టె పెరటిచెట్టుకు అలాగే ఉంది. లోపల ఆకులను విద్యావతి మారుస్తూనే ఉంది. చోటు చెప్పిన రోజున బోను కడిగి ఇచ్చేస్తానని కార్యవర్గానికి కబురు పంపింది. కార్యవర్గం దాన్ని బెదిరింపుగా పరిగణించి సమావేశమైంది. సమావేశానికి కుర్చీలు ఆ గదిలోంచే వచ్చాయి.

ఈశ్వరప్రసాద్ గారూ, మీరు చేసినది తెలియక చేశారనే అనుకుందాం. ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. తెలిసిన తర్వాతి ప్రతి రోజుకూ మీరే బాధ్యులు. దిష్టికాయను గుమ్మం లోపలికి మార్చండి. ఇప్పుడు మీ కప్పు కింద ఉన్నదాన్ని ముట్టుకోకండి. ఉమామహేశ్వరరావు గారూ, కార్యవర్గ సభ్యులారా, ఆ బోను ఇంతవరకు ఏయే ఇళ్లకు వెళ్లిందో, ఆ ఇళ్లనుంచి ఏ ప్రాణి ఎక్కడికి వెళ్లిందో సంఘం సభ్యుల ముందు చెప్పండి. ఆ బోనును మళ్లీ సామాన్ల గదిలో పెట్టకండి. దాని స్థానం గంగాళం పక్కన కాదు.

ఇవన్నీ తర్వాత చెయ్యవచ్చు. ముందు చెయ్యవలసింది ఒకటుంది, దానికి సమావేశం అక్కర్లేదు. ద్వారకానాథ్ కారు బయటే ఉంది. బతికి ఉంటే తెచ్చుకోవడానికి, లేకపోతే వెతకడం మానుకోవడానికి, పక్కింటి విద్యావతికి ఆ చోటు పేరు చెప్పండి.